చిన్నాన్న చెప్పని విమానం

మా మనవరాలు కాలేజీ వాళ్లతో దక్షిణాదికి విహారయాత్రకి వెళ్లొచ్చింది. ఫోనులో ఫొటోలు చూపిస్తూ ఒకచోట వేలు గబగబా జరిపేసింది. "ఆగు, వెనక్కి తియ్యి" అన్నాను. "అదేం లేదమ్మమ్మా, ఏదో పాత విమానం. దాని నీడలో కూర్చుని బజ్జీలు తిన్నాం" అంది. పచ్చగడ్డి మీద సన్నగా, పొడుగ్గా నిలబడి ఉంది అది. ముక్కు కొంచెం కిందికి వంగి, ఆ ముక్కు అడుగున చిన్న గాజు కిటికీ ఉంది. పక్కనున్న బోర్డు చదవమన్నాను. శత్రువు భూమి మీదుగా అతివేగంగా పోయి ఫొటోలు తీసుకురావడానికి తయారు చేసిన నిఘా విమానమట. నమూనాగా ఒక్కటే తయారైందట. కొన్నిసార్లు ఎగిరిందట. ఉత్పత్తిలోకి మాత్రం వెళ్లలేదట. అంతే, నాలుగు వాక్యాలు. ఎండకి రంగు వెలిసిన రేకు మీద, దారిన పోయే ఎవరైనా చదువుకునేలా రాసి పెట్టారు. నాకు కళ్లనీళ్లు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో ఈనాటికీ తెలియని కోపం. ఆ నాలుగింటిలో ఒక్క వాక్యం మా చిన్నాన్న ఒకరోజు విజయనగరంలో పలికి ఉంటే ఆయన బతుకు వేరేగా ఉండేది. నాదీ వేరేగా ఉండేదేమో.

మాది బొబ్బిలి పక్కన చిన్న ఊరు. వీణలు చేసే ఇల్లు. సాలూరు నుంచి లారీ మీద వచ్చిన పనస దుంగ మా పెరట్లో దిగిందంటే వారం రోజులపాటు ఇల్లంతా పులుపూ కాని తీపీ కాని ఒక పచ్చి వాసన. పసుపు పచ్చటి పొట్టు అన్నంలో, జడలో, చివరికి దేవుడి ప్రమిదలో కూడా పడేది. మా నాన్న తల్లిని మామ్మ అనేవాళ్లం. ఆవిడ ఆ పొట్టుని తుడిచి పారేసేది కాదు, పొయ్యిలోకి పనికొస్తుందని చేటలోకి ఏరుకునేది. పొద్దున్నే స్నానం చేసి, తూర్పు తిరిగి చెంబుతో నీళ్లు వదిలాకే ఎవరితోనైనా మాట్లాడేది. ఆదివారాలు ఉప్పు లేకుండా ఒంటిపూట తినేది. నాన్న కూడా స్నానం చేయకుండా కర్ర చెక్కే బాడిస ముట్టేవాడు కాదు. వీణకి నాదం పలికే గుండ్రటి కుండని ఒకే దుంగలోంచి లోపలికి తొలుచుకుంటూ పోయేటప్పుడు మధ్యమధ్య వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గోడ మందం అంతటా ఒకేలా ఉందా లేదా అన్నది ఆ చప్పుడే చెప్పేది. ఆయన వింటున్నంతసేపు ఇంట్లో గిన్నె చప్పుడు కూడా చేయకూడదు. అసలే మాటలు తక్కువ మనిషి. ఆ ఇంట్లో నోరున్నది ఇద్దరికే, మా చిన్నాన్నకీ నాకూ.

చిన్నాన్న పేరు సూర్యనారాయణ. అరసవల్లి మొక్కుతో పుట్టాడు కాబట్టి ఆ పేరు. ఊరికి సూర్రావు. వీధిలో ఎవరు కనిపించినా నిలబెట్టి కబుర్లు చెప్పేవాడు. నన్ను బడికి పంపలేదు. పంపకూడదని ఎవరూ అనుకోలేదు, అలా జరిగిపోయిందంతే. కొత్త వీణలకి మైనం రుద్దడానికి చిన్న చేతులు కావలసి వచ్చాయి, నా చేతులు ఉన్నాయి. అక్షరాలు, ఎక్కాలు, ఆ తర్వాత కోణాలు కొలవడం, అన్నీ చిన్నాన్నే నేర్పాడు. పనసచెక్క మీద సుద్దముక్కతో రాయించేవాడు. తప్పు రాస్తే కొట్టకుండా ఆ తప్పుని చిత్రిక పట్టి తీసేసి, "మళ్లీ రాయమ్మీ, సెక్క పలసనైపోతన్నాది" అనేవాడు. ఈ వయసులో పుస్తకం చదువుకుంటున్నానంటే, పూజలో శ్లోకం తడబడకుండా చదువుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. రోజూ తలుచుకుంటాను.

ఒకసారి ఎక్కడో దూరాన విమానాల కార్ఖానాలో పనిచేసే పెద్ద ఇంజినీరు తన భార్యకి వీణ కొనడానికి మా ఇంటికి వచ్చాడు. చిన్నాన్న కుండ తొలవడం మధ్యాహ్నమంతా పీట మీద కూర్చుని చూశాడు. వెళ్లేటప్పుడు, "నాకు ఇలాంటి చేయి కావాలి, మా దగ్గరికి వస్తావా?" అని అడిగాడు. విమానం కట్టే ముందు దాని బొమ్మని చిన్నగా కర్రతో చేసి, పెద్ద గొట్టంలో పెట్టి, గాలి వదిలి చూస్తారట. ఆ కర్ర బొమ్మ గీతకీ గీతకీ తేడా లేకుండా ఉండాలట. చిన్నాన్న ట్రంకుపెట్టెలో ఉలులు సర్దుకుని రైలెక్కాడు.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు రేకుతో కోసిన రెండు కొలత అచ్చులు తెచ్చుకున్నాడు. పాకలో పనసముక్క ఒకటి తీసుకుని విమానం ముక్కు చెక్కడం మొదలుపెట్టాడు. "అక్కడ టేకు మీద ఈ ఒంపు కుదరడం లేదమ్మీ. మన పనస మీద ఒకపాలి సేతికి రప్పించుకున్నానంటే అక్కడ సేసీగలను" అన్నాడు. నా పని అచ్చుని ముక్కు మీద ఆనించి పట్టుకుని, సందులోంచి ఎండ కనిపిస్తే చెప్పడం. "ఎలుగు ఉన్నాదా?" "ఉన్నాది, ఇక్కడ." "ఇప్పుడో?" "ఎంట్రుకంత." "ఎంట్రుకంతంటే సానా ఎక్కువే!" ఇలా మూడు రోజులు. మధ్యలో అన్నీ చెప్పేవాడు. ఇది మన తలకాయల మీదినుంచి పోతే శబ్దం వచ్చేసరికి అదుండదట. అంత జోరుగా పోయేటప్పుడు చూడ్డానికి ఇనుముతో వేరే బొమ్మ చేస్తారట. గాల్లోకి లేచేటప్పుడూ నేలకి దిగేటప్పుడూ నెమ్మదిగా ఉంటుంది కాబట్టి దానికి కర్ర బొమ్మ చాలట. "దీనికి తుపాకీ ఏదీ?" అని అడిగాను. "నేదు. దీనికి కన్నే ఉంటాది. సూసీసి, బొమ్మ తీసీసి, పారొచ్చీడమే" అని ముక్కు అడుగున చిన్న కిటికీ గీశాడు.

అంత మాట కడుపులో దాచుకోవడం నా వల్ల ఎక్కడవుతుంది? నూతి దగ్గర పక్కింటి పార్వతితో, "మా సిన్నాన్న కన్నున్న ఇమానం సేస్తన్నాడు, తెలుసేటి?" అనేశాను. సాయంత్రానికి నూనె గానుగాయన వీధిలోంచి కేకేశాడు. "ఏటి సూర్రావూ, నీ ఇమానానికి కన్నుందట కదా, కాటుక ఎట్టినావేటి?"

మామ్మ ఆ మాట విని బయటికి వచ్చింది. కొడుకుని లోపలికి పిలిచింది. "అక్కడ ఎవులికీ సెప్పొద్దన్నారా?" అని అడిగింది. "అన్నారమ్మా. కాగితం మీద సంతకం కూడా ఎట్టించుకున్నారు" అన్నాడు చిన్నాన్న తల వంచుకుని. "సంతకమా! కాగితం అక్కడుంటాది, నీ నోరు ఇక్కడుంటాది. ఆ సంతకం ఈ నోటిని మూస్తాదేటిరా? రేపు జైల్లో ఏస్తే నానెక్కడికెళ్లి ఏడవను?" ఆ తర్వాత నా వైపు తిరిగింది. "ఒసే గుంటా, దీనికంతకీ నీ నోరే" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు, కొట్టలేదు. ఆ మర్నాడు పొద్దున్న మూడు రోజుల కష్టం, ఎంట్రుకంత వెలుగు కూడా రాని ఆ పనస ముక్కు, నీళ్లపొయ్యిలో కాలిపోయింది. ఆ నీళ్లతోనే నాకు తలంటింది.

ఆదివారం మమ్మల్ని అరసవల్లి తీసుకువెళ్లింది. మా వైపు గట్టి ప్రమాణమంటే అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ఆర్పడమే. కాగితాల మీద ఎన్ని రాసుకున్నా దాని ముందు లెక్కలోకి రావు. ధ్వజస్తంభం దగ్గర చిన్నాన్న చేతిలో తమలపాకు, దాని మీద కర్పూరం పెట్టింది. ఏమని చెప్పాలో కూడా ఆవిడే చెప్పింది. "ఆ ఇమానం పనిలోకి దిగి దేశానికి పనికొచ్చినదాకా దాని మాట నా నోట రాదు." ఇక్కడ మామ్మ గురించి నిజం చెప్పాలి. ఆవిడ కొడుకు నోరు శాశ్వతంగా కట్టేయాలనుకోలేదు. పని పూర్తయ్యాక ఊరంతా చెప్పుకోనీ, వాడికీ ఆ సంబరం ఉండనీ అనే ఆ గడువు పెట్టింది. ఆ రోజున ఇదే గుడి మెట్ల మీద కూర్చోబెట్టి అందరికీ పులిహోర పంచుతూ చెప్పిస్తానని మొక్కుకుంది కూడా. విమానం పూర్తి కాకుండా ఉండిపోతుందని ఆవిడకి తట్టలేదు. దుంగ తొలవడం మొదలుపెడితే వీణ అవుతుంది. మా ఇంట్లో సగంలో ఆగిపోయిన వీణని ఆవిడ ఎప్పుడూ చూసి ఎరుగదు.

నాలుగో ఏడు చిన్నాన్న ట్రంకుపెట్టెతో తిరిగి వచ్చేశాడు. నాకప్పుడు పధ్నాలుగో పదిహేనో. ఇంజినీరు రాసిన ఉత్తరం వెనకాలే వచ్చింది. ఒక విమానం తయారైందనీ, ఎగిరిందనీ, పైవాళ్లు ఇక చాలన్నారనీ, కర్ర బొమ్మలు చేసేవాళ్లతో ఇక పనిలేదనీ అందులో ఉంది. ఇప్పుడది దాచవలసిన సంగతి కాదు, ఎక్కడ పనికి వెళ్లినా నా దగ్గర ఏం చేశావో నిస్సంకోచంగా చెప్పుకో అని కూడా రాశాడు ఆ మహానుభావుడు. చిన్నాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, సూర్యభగవానుడి పటం వెనక పెట్టేశాడు. "అదేటిరా, సెప్పుకోమన్నాడు కదా" అన్నాడు నాన్న. "ఆయన సెప్పమంటే సరిపోతాదేటి అన్నియ్యా? నాను ఆయనకి మాటియ్యలేదు" అన్నాడు. మామ్మ వంటింటి గడపలో నిలబడి వింది. ఆవిడ ముఖం చూశాను. వద్దనలేదు, సరే అనలేదు. అంతకుముందు ఎప్పుడూ ఆవిడ మాట కోసం వెతుక్కోవడం నేను చూడలేదు.

ఊరు ఊరుకుంటుందా? పని పోగొట్టుకుని వచ్చిన మనిషి నోరు విప్పకపోతే దానికి కారణం ఊరే కల్పిస్తుంది. కార్ఖానాలో ఇత్తడి ఎత్తుకుపోతే తన్ని తరిమేశారన్నారు. "ఏటి సూర్రావూ, ఇమానం దిగిపోనావా, తోసీసినారా?" అని గానుగాయన కేక. "దిగిపోనానులే మావా, నీ గానుగ ఎక్కుదామని" అని చిన్నాన్న నవ్వేవాడు. నవ్వి పాకలోకి వచ్చాక ఉలి పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చునేవాడు. నాలుగేళ్ల కిందట వీధిలో మనిషి కనిపిస్తే వదలని వాడు!

ఆ రోజుల్లోనే విజయనగరంలో పనులు నేర్పే ఒక బడిలో కర్రపని మాస్టారు కావాలని తెలిసింది. చిన్నాన్న నాతో, "ఆ పని దొరికిందంటే కోట దగ్గర రెండు గదులు తీసుకుందుము. నిన్ను మెట్రిక్కి కట్టించేస్తాను. ఇంట్లో సదివి రాయొచ్చట. లెక్కల్లో నీకు తిరుగులేదమ్మీ" అన్నాడు. ఆ మాటతో నెల రోజులు నేల మీద నడవలేదు నేను. మామ్మ కాదంటుందనుకున్నాను. పులిహోర మూట కట్టి, "గదులు తూరుపు ముకంగా సూడండి" అని పంపింది. నాన్న, చిన్నాన్న, నేను బస్సెక్కాం.

ముందు చేతిపని చూశారు. రెండు కర్రముక్కలు ఇచ్చి అతుకు వేయమన్నారు. చిన్నాన్న వేసిన అతుకులో కాగితం కూడా దూరలేదని లోపలివాళ్లు ఆశ్చర్యపోతున్న మాటలు వరండాలో మాకు వినిపించాయి. నాన్న మొదటిసారి నా వైపు చూసి నవ్వాడు. తర్వాత ప్రశ్నలు. "నాలుగేళ్లు ఎక్కడున్నారు?" "దచ్చిణాదిని బాబూ." "ఏం చేశారు?" "కర్రపని." "ఎలాంటి కర్రపని? బల్లలా, తలుపులా?" "కర్రపని బాబూ." కాసేపటికి అందులో పెద్దాయన, బట్టతలాయన, బయటికి వచ్చి నాన్న పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"ఈయన చేయి చూశాక నాకు ఇంకొకరు వద్దండి. కానీ నాలుగేళ్లు కర్రపని అంటే పైవాళ్లకి నేనేం రాయను? ఏవేవో అంటున్నారు కూడా. మీరైనా చెప్పండి, ఏం చేసేవాడు?"

నాన్నకి ఉత్తరంలో ఉన్నంతే తెలుసు, తమ్ముడు దాచుకున్నది తను బయటపెట్టే మనిషి కాదు. అంతకుమించి తమ్ముణ్ణి ఎప్పుడూ అడగలేదు. "మా వోడు దొంగ కాడు బాబూ" అని మాత్రం అన్నాడు. అడగని దానికి జవాబు. బట్టతలాయన నన్ను చూశాడు. "నువ్వు చెప్పమ్మా. మీ చిన్నాన్న అక్కడ ఏం చేసేవాడు? నీకేమైనా తెలుసా?"

నాకు తెలుసు. ఏం చెక్కాడో, ఎందుకు చెక్కాడో మొత్తం నాకొక్కదానికే తెలుసు. నేను కర్పూరం ఆర్పలేదు, నేనే మాటా ఇవ్వలేదు. కిటికీలోంచి చిన్నాన్న కనిపిస్తున్నాడు. నా వైపు చూడటం లేదు. తను వేసిన అతుకుని బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. చెప్పేస్తే రెండు గదులు, మెట్రిక్కు, గానుగాయన నోరు మూత. మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడు నాకు మామ్మ గొంతు వినిపించింది, దీనికంతకీ నీ నోరే అని. "తెలీదండి" అన్నాను.

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి లోపలికి వెళ్లిపోయాడు. మేం గదులు చూడలేదు. బస్సులో పులిహోర మూట విప్పితే ఎవరం తినలేకపోయాం. బొబ్బిలి దగ్గర పడుతుండగా చిన్నాన్న వంగి నా చెవిలో, "బాగా సెప్పినావమ్మీ" అన్నాడు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ మెచ్చుకోలు ఇన్నేళ్లూ మేకులా దిగబడి ఉంది.

మరి రెండేళ్లకి నా పెళ్లయింది. మంచి మనిషి దొరికాడు, మంచి పిల్లలు పుట్టారు. దేవుడు నాకేం తక్కువ చేయలేదు. చిన్నాన్న ముప్పై ఏళ్లు వీణలు చేశాడు. ఆయన కుండలు ఎలా పలికేవో వాయించినవాళ్లని అడగాలి. పెళ్లి చేసుకోలేదు. ఎప్పుడో ఒకసారి పుట్టింటికి వెళ్లినప్పుడు, మైనం రుద్దుతూ ఉండగా అడిగాను, ఆ రోజు నేను చెప్పేసి ఉంటే కోపం వచ్చేదా అని. "కోపం కాదే. నువ్వు సెప్పేస్తే అది ఇంక ఎగరదని మనం ఒప్పీసుకున్నట్టే కదేటి. నాను మళ్లీ మొదలెడతారనే అనుకున్నాను" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆయన పట్టుకుని వేలాడింది ప్రమాణం ఒక్కదాన్నే కాదని. తెలిసి ఏం లాభం? పోయేదాకా ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు చూస్తే నా మనవరాలు పొద్దున తిన్న ఇడ్లీని కూడా పదిమందికి చూపించనిదే ఊరుకోదు. తప్పనడం లేదు. దానికి లోకం భయం లేదు, మాకు ఉండేది. మా రోజుల్లో మాటకి విలువుండేదని గొప్పగా రాసుకోవచ్చు. రాయబుద్ధి కావడం లేదు. విలువ ఉండేది నిజమే, దాన్ని ఎవరు చెల్లించారో కూడా చూశాను.

ఆ ఫొటో చూసిన తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే అరసవల్లి వెళ్లాను. చిన్నాన్న గోత్రం, పేరు చెప్పి పూజ చేయించాను. జనం పలచబడ్డాక అర్చకుణ్ణి అడిగాను. మా పిల్లల వయసుంటుంది ఆయనకి. "ఒక పని అయ్యేదాకా నోరు విప్పనని ఇక్కడ కర్పూరం ఆర్పిన మనిషి, ఆ పని ఎప్పటికీ కాకపోతే ఏం చేయాలి బాబూ?"

ఆయన ఆలోచించను కూడా ఆలోచించలేదు. "ఏముందమ్మా, వచ్చి స్వామికి చెప్పుకుని, కొబ్బరికాయ కొట్టి, విడుదల చేయమని అడగడమే. మా తాతగారి రోజుల్లో అలాంటివాళ్లు చాలామంది వచ్చేవారట. ఎవరమ్మా, ఇంకా ఉన్నారా?"

"లేరు" అన్నాను.

ఒక్క కొబ్బరికాయ! బొబ్బిలి నుంచి ఒక పూట బస్సు ప్రయాణం. ఆదివారం ఉప్పు ముట్టని మామ్మకి గాని, స్నానం చేయనిదే బాడిస ముట్టని నాన్నకి గాని, శ్లోకాలన్నీ వచ్చిన నాకు గాని, వచ్చి అడుగుదామని తోచలేదు. దేవుడికి మాట ఇవ్వడం తెలుసు మాకు. ఆయనతో మాట్లాడవచ్చని తెలియదు. నేను గుడికి వెళ్లి దేవుడికి కృతజ్ఞత చెప్పకుండా బయటికి వచ్చింది నా జన్మలో ఆ ఒక్క రోజే.

శ్రీకాకుళం కాంప్లెక్సులో బొబ్బిలి బస్సెక్కాను. పక్క సీట్లో కూరగాయల బుట్టతో ఒకావిడ కూర్చుంది. నా చేతిలో ప్రసాదం చూసి, "ఎవరి పేరున సేయించినావమ్మా?" అంది. మా చిన్నాన్న పేరునన్నాను. "ఏటి సేసీవోరు?" అంది.

"విమానం చేశాడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఓలమ్మా, ఇమానమే!" అని ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాను. దుంగ దగ్గర నుంచి, ఇంజినీరు పీట మీద కూర్చోవడం, రైలు, కర్ర బొమ్మ, గాలి గొట్టం, తుపాకీ లేకపోవడం, అన్నీ. ఎక్కడా ఆగలేదు. ముందు సీట్లో ముసలాయన కూడా వెనక్కి తిరిగాడు. చిలకపాలెం జంక్షన్ వచ్చింది. ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుని, "దిగిపోతాను తల్లీ, మిగతాది మళ్లీ కనిపిస్తే సెప్పు" అని దిగిపోయింది. ముసలాయన ముందుకి తిరిగి కళ్లు మూసుకున్నాడు. నేనింకా పనసముక్క మీద ముక్కు చెక్కడం దగ్గరే ఉన్నాను.